చింతపల్లి వైపు ఒక ఇంట్లో ఇనప కట్టెల పొయ్యి: గొట్టం మొత్తం పీకి మళ్ళీ వేసిన కేసు

నాకు నర్సీపట్నంలో చిన్న ఫాబ్రికేషన్ షెడ్డుంది. ఎక్కువ పని రైసు మిల్లుల బాయిలర్ చిమ్నీలు, జీడిపప్పు ఫ్యాక్టరీల గొట్టాలు, హోటళ్ళ వంటగదులకి ఎగ్జాస్ట్ డక్టులు. ఇళ్ళల్లో కట్టెల పొయ్యికి పొగగొట్టం వెయ్యమని కింద మైదానంలో ఎవరూ అడగరు గానీ ఘాట్ రోడ్డెక్కాక లంబసింగి, చింతపల్లి వైపు మాత్రం ఈమధ్య అడుగుతున్నారు, అది దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు మరి, డిసెంబరు జనవరిల్లో కొన్ని రోజులు తెల్లారుజామున చలి సున్నా దగ్గరికి పడిపోద్ది. కరెంటు హీటరు పెడదామంటే బిల్లు, పైగా గాలొస్తే కరెంటే ఉండదు. అక్కడ ఒక ఇంట్లో చేసిన పని ఇక్కడ పూర్తిగా రాస్తున్నా, వేరే ఇళ్ళల్లో ఒకటీ అరా చూసిన తప్పులన్నీ ఈ ఇంట్లో ఒకే చోట దొరికాయి కాబట్టి.

ఇంటాయన ఆర్మీలో చేసి రిటైరయ్యారు, సర్వీసులో చాలా ఏళ్ళు కాశ్మీర్ లోనే. అక్కడ బ్యారక్ లో బుఖారీ చుట్టూ కూచున్న అలవాటు. బుఖారీ అంటే ఏం లేదు, ఇనప రేకు డబ్బా, లోపల కట్టెలు, పైనించి గొట్టం. ఊరొచ్చాక అలాంటిదే కావాలని దగ్గర్లో ఒక వెల్డింగ్ షాపులో చేయించుకున్నారు, 3 ఎంఎం రేకు, రెండడుగుల పొడవు, పైన టీ గిన్నె పెట్టుకోడానికి 5 ఎంఎం ప్లేటు, తలుపుకి గాలి సర్దుకునే చిన్న జారుడు రేకు. పొయ్యి వరకూ నిజంగా మంచి పనే, వంక పెట్టను. గొట్టం దగ్గరకొచ్చేసరికి మాత్రం చేతిలో ఏముంటే అది వేసేశారు. 3 అంగుళాల జీఐ పైపు (జింకు పూత పూసిన ఇనప పైపు), పొయ్యి మీదనుంచి మూడడుగులు పైకి, అక్కడ ఒక ఎల్బో, అక్కడనుంచి అయిదడుగులు అడ్డంగా, కిటికీ చెక్క ఫ్రేముకి బొక్క కొట్టి బయటికి. బయట చూరు కింద జానెడు పొడుచుకొచ్చి ఆగిపోయింది, అంతే.

నన్ను పిలిచింది పొగ కోసం. గాలి పడమటి నుంచి కొడితే పొగంతా గదిలోకే తన్నుతోంది, తలుపు తీస్తే చలి, వేస్తే పొగ. అవతల రూములో పడుకునే మామ్మగారికి తెల్లారి లేచేసరికి తలనొప్పి, వాకిట్లో కూచుని కాఫీ తాగేసరికి తగ్గిపోద్ది, వాళ్ళు చలి తగిలిందనుకుని జండూబామ్ రాస్తున్నారు. ఆ మాట వినగానే నాకు పొగ సంగతి కన్నా అదే భయం వేసింది. ఇంట్లో ఉంటే నొప్పి, బయటికొస్తే లేదు, రోజూ అదే టైము, అంటే ముందు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు అనుకోవాల్సిందే.

"ఏటి బాబూ, పొగ బయటికే పోతంది కదా, కాస్త లోపలికొస్తే ఏటవుద్ది, మా అమ్మ జీవితమంతా పొయ్యి కాడే ఊదింది" అన్నారాయన. బాబాయ్, మీ అమ్మగారు ఊదిన వంటింటికి పెంకుల సందుల్లోంచి గాలొచ్చేది, ఈ ఇంటికి చూరు సందులు కూడా సిమెంటు పెట్టి మూసేశారు కదా అన్నాను. నా దగ్గర బాయిలర్ రూముల కోసం ఉంచుకున్న, ఆ వాయువుని కొలిచే చేతి మీటరుంది. పొయ్యి వెలిగించి తలుపులు వేసి కూచున్నాం. మంట బాగా ఉన్నంతసేపు 10, 15 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకి ఇన్ని వంతులు అనే లెక్క) దగ్గర ఆడింది, మంట ఆగి నిప్పులు మిగిలాక మెల్లగా ఎక్కి 80 దాటింది. గదిలో అప్పటికి పొగ వాసన కూడా పెద్దగా లేదు! ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) గంటసేపటికి పెట్టిన హద్దు ఘనమీటరు గాలికి 35 మిల్లీగ్రాములు, అంటే సుమారు 30 పీపీఎం. ఈ వాయువుకి రంగూ వాసనా ఉండవు. పొగ లేదంటే గాలి బాగుందనుకుంటాం గానీ నిప్పుల దశలోనే ఇది ఎక్కువ పుడుతుంది, ఆ టైముకి గొట్టం చల్లబడి లాగడం మానేస్తుంది, మనమేమో దుప్పటి కప్పుకుని నిద్రలో ఉంటాం. కాశ్మీర్ లో చలికాలం గది మూసుకుని పడుకుని ఊపిరాడక పోయారనే వార్తలు ఆయన చాలా విన్నారు, ఆ మాట నేను ఎత్తగానే ఇంక ఎదురు చెప్పలేదు.

తర్వాత పొయ్యి చల్లారాక విప్పి చూశాం. ఎల్బో జాయింటు కింద గోడమీద నల్లగా కారిన మరక, వేలితో ముడితే తారులా అంటుకుంది, ఘాటు వాసన. ఎల్బో లోపల మూడు వంతులు పూడిపోయి ఉంది, అదికూడా పొడి మసి కాదు, మెరుస్తున్న నల్ల పెంకు, స్క్రూడ్రైవరుతో కొడితే గాజులా ఊడింది. దీన్ని క్రియోసోట్ అంటారు. పొగ గొట్టంలోనే సుమారు 120 డిగ్రీల కిందకి చల్లబడితే అందులో ఉన్న తారు ఆవిర్లు పైపు గోడకి పట్టేస్తాయి. అదే తారు ఒకరోజు అంటుకుంటే గొట్టంలో మంట వెయ్యి డిగ్రీలు దాటగలదు. ఇక కిటికీ ఫ్రేము చూస్తే పైపు చుట్టూ రెండంగుళాల మేర చెక్క చాక్లెట్ రంగులోకి, పైపుకి ఆనుకున్న చోట బొగ్గులా మారిపోయింది, గోరు పెడితే పొడి రాలింది. చెక్క నెలల తరబడి వేడికి మాడుతూ ఉంటే మామూలుగా అంటుకునే వేడి కన్నా చాలా తక్కువకే అంటుకుంటుంది, కాబట్టి "ఇన్నాళ్ళూ ఏం కాలేదు కదా" అనేది ఇక్కడ ధైర్యం ఇచ్చే మాట కాదు. జాయింట్లకి ఎం-సీల్ పెట్టారు, అది మాడి రాలిపోయింది. పొయ్యి కింద పూల డిజైను ప్లాస్టిక్ ఫ్లోర్ మ్యాటు, పక్కన పది అంగుళాల దూరంలో ప్లైవుడ్ బీరువా.

ఆ రోజే పొయ్యి ఆపించేశాను, గొట్టం పూర్తిగా అయ్యేదాకా వెలిగించొద్దని.

ఇప్పుడు అసలు లెక్క. గొట్టం పొగని ఎందుకు లాగుతుందంటే లోపలి వేడి గాలి తేలిక, బయటి చలి గాలి బరువు, ఆ తేడాని ఎత్తుతో గుణిస్తే వచ్చేదే డ్రాఫ్టు. పాత గొట్టంలో నిటారుగా ఉన్నది మూడడుగులే. లోపల సగటున 150 డిగ్రీలు, బయట 10 డిగ్రీలు అనుకున్నా మూడు పాస్కల్సే (పాస్కల్ అంటే ఒత్తిడి కొలత) వస్తుంది, అందులో ఎల్బో కొంత తినేస్తుంది, అడ్డం పైపు కొంత, పైగా అది గాలికి ఎదురుగా తెరిచి ఉంది, చిన్న గాలి విసురుకే ఆ మూడూ పోతాయి. అదే పదిహేను అడుగులు నిటారుగా వేస్తే 15 పాస్కల్స్ పైనే. నీటి మట్టంలో చెప్పాలంటే ఒకటిన్నర మిల్లీమీటరు, వినడానికి ఏమీ లేదనిపిస్తుంది గానీ ఇంటి పొయ్యికి అది ధారాళం. సైజు సంగతి, 3 అంగుళాల పైపుకీ 6 అంగుళాల పైపుకీ రెండింతలే తేడా అనుకుంటారు చాలామంది, లోపలి వైశాల్యం నాలుగింతలు. ఈ పొయ్యి పొట్టకి 6 కావాలి. మరీ పెద్దది వేసినా తప్పే, పొగ నెమ్మదిగా పోయి చల్లబడి తారు పడుతుంది, 8 వేస్తే ఇంకా మంచిది కదా అని ఆయన అడిగారు, వద్దన్నాను.

పొయ్యి ఎక్కడ పెట్టాలో గొట్టాన్ని చూసి నిర్ణయించాలి, చాలామంది సోఫా ఎక్కడుందో చూసి నిర్ణయిస్తారు. ఈ ఇంటికి పైన జీఐ రేకులు, కింద నీలగిరి వాసాలు మూడడుగుల ఎడంతో, దానికింద ప్లైవుడ్ సీలింగు. సీలింగు పలక ఒకటి విప్పించి పైకెక్కి వాసాలు కొలిచి, రెండు వాసాల సరిగ్గా మధ్యకి తూకం దారం వేలాడదీసి కింద నేలమీద గుర్తు పెట్టాను, పొయ్యి గొట్టం మూతి ఆ గుర్తు మీదకి రావాలి. అలా అయితే ఒక్క వంపు కూడా లేకుండా నేరుగా పైకి పోతుంది. అది నడికొప్పుకి దగ్గరగా కూడా పడింది, అదృష్టం. దూరాలకి నేను అమెరికా వాళ్ళ ఎన్ఎఫ్‌పీఏ 211 అనే స్టాండర్డులో కొలతలే వాడతాను, ల్యాబులో టెస్టు చెయ్యని పొయ్యికి చెక్క లాంటి మండే వస్తువు ఏదైనా 36 అంగుళాలు దూరం, ఒంటి పొర గొట్టానికి 18 అంగుళాలు. బీరువా ఎదురు గోడకి పోయింది. వెనక గోడ సిమెంటు ఇటుక కాబట్టి కాలేది ఏం లేదు, అయినా అడుగు ఖాళీ వదిలాను, గోడ వేడెక్కి ప్లాస్టరు పగలకుండా, చెయ్యి పట్టేలా. ప్లాస్టిక్ మ్యాటు కోసేసి ఇటుక పరిచి పైన కడప బండ, పొయ్యి తలుపు ముందు వైపు 18 అంగుళాలు బయటికి వచ్చేలా. తలుపు తీసినప్పుడు నిప్పు ఎగిరిపడేది అక్కడే.

కప్పు దాటే చోటే ఈ పనిలో అసలు తలనొప్పి. ఇళ్ళు కాలేది ఎక్కువగా ఇక్కడే, అందుకని దీనికి పట్టిన టైము మిగతా పనంతటికీ పట్టలేదు. గదిలో కనపడే భాగం 2 ఎంఎం నల్ల ఎంఎస్ పైపు (పూత లేని మామూలు ఉక్కు), ఒంటి పొర, అది వేడి గదిలోకి ఇస్తుంది, మనకి కావాల్సిందీ అదే. జీఐ పైపు పొయ్యి మూతి దగ్గర వెయ్యకూడదు, దాని మీది జింకు పూత 419 డిగ్రీలకి కరిగిపోతుంది, పొయ్యి ఎర్రగా కాలినప్పుడు ఆ మూతి అంత వేడెక్కగలదు. ఏసీ పైపు, అదే ఆస్‌బెస్టాస్ పైపు, చవగ్గా వస్తుందని ఊళ్ళల్లో వేస్తారు, ఉన్నట్టుండి వేడి తగిలితే అది పగులుతుంది, కోసినప్పుడు ఆ పొడి ఊపిరితిత్తులకి విషం, నేను ముట్టుకోను. సీలింగుకి 18 అంగుళాల కింద నుంచే రెండు పొరల పైపు మొదలెట్టాం, లోపల 304 స్టెయిన్‌లెస్ 6 అంగుళాలు, బయట జీఐ 10 అంగుళాలు, మధ్య రెండంగుళాల్లో రాక్ వూల్ (రాతితో చేసిన, వేడి ఆపే దూది) గట్టిగా కూరాం. గ్లాస్ వూల్ ఇస్తామంటారు షాపులో, తీసుకోకండి, రాక్ వూల్ వెయ్యి డిగ్రీల దాకా కరగదు. ఇలాంటివి విదేశాల్లో టెస్టు చేసి ముద్రేసి అమ్ముతారు, వాటికి చెక్కనుంచి రెండంగుళాలు చాలంటారు. నాది షెడ్డులో చుట్టిన పైపు, ముద్ర లేదు, అందుకని ఆరంగుళాలు వదిలాను, సీలింగు ప్లైవుడ్ నుంచీ, రెండు వైపుల వాసాల నుంచీ. ఆ ఖాళీని రాక్ వూల్ తో నింపెయ్యమని మేస్త్రీ ఒకటే గోల. నింపకూడదు, అక్కడ గాలి ఆడాలి, గాలే చల్లబరుస్తుంది. కింద నుంచి కనపడకుండా చిల్లుల జీఐ ప్లేటు బిగించాం.

జాయింట్ల విషయంలో మాత్రం ఇంటి పెంకుల లెక్క తిరగేసి ఆలోచించాలి. పైపు సన్నమూతి కిందికి, పొయ్యి వైపుకి ఉండాలి, పైనుంచి తారు కారినా పైపు లోపలే దిగి పొయ్యిలో పడి కాలిపోతుంది. పాతదాంట్లో ఎదురుగా పెట్టారు, అందుకే గోడమీదకి కారింది. పొగ తప్పించుకుంటుందేమో అంటారు, డ్రాఫ్టు ఉన్న గొట్టంలో సందుంటే గాలి లోపలికే పోతుంది. ఒక్కో జాయింటుకి మూడు స్క్రూలు, సందుకి ఫైర్ క్లే ముద్ద.

రేకు పైన గొట్టం కనీసం మూడడుగులు లేవాలి, చుట్టూ పదడుగుల్లో ఏదున్నా దానికన్నా రెండడుగులు ఎత్తుండాలి. ఇక్కడ నడికొప్పు ఆ పదడుగుల్లోనే ఉంది కాబట్టి దానిమీద రెండడుగులు లేపాం, మొత్తం పొయ్యి మూతి నుంచి టోపీ దాకా పదిహేను అడుగులు దాటింది, ఈ ఎత్తుకి గాలికి ఊగకుండా మూడు వైపుల తీగలు లాగాం. వాన నీటికి గొట్టం చుట్టూ జీఐ రేకు చీర కట్టి, దాని పై అంచు పైరేకు కిందకి దూర్చాం, కింది అంచు కిందిరేకు మీదకి. ఇది తిరగబడితే ఎంత సిలికాన్ పూసినా మొదటి వానకే కారుతుంది. టోపీకి సన్న దోమజాలీ పెడతామన్నారు, మసితో వారంలో మూసుకుపోతుంది, పిట్టలు దూరకుండా అరంగుళం కన్ను జాలీ చాలు.

గాలి లోపలికి రాకుండా పొగ బయటికి పోదు, ఇది చెప్తే ఒప్పుకుంటారు గానీ చలికి బొక్క పెట్టమంటే ఒప్పుకోరు! గంటకి రెండు కేజీల కట్టె కాలితే సుమారు 20 ఘనమీటర్ల గాలి గొట్టంలోంచి పోతుంది, ఆ గది మొత్తం 43 ఘనమీటర్లు. అంటే గంటకి సగం గది గాలి. సందులన్నీ మూసిన ఇంట్లో అదెక్కడినుంచి రావాలి? పొయ్యి వెనక గోడకి నేల దగ్గర 4 అంగుళాల జీఐ పైపు ముక్క పెట్టి బయట ఎలకల జాలీ వేశాం. ఆ చల్ల గాలి గదంతా తిరక్కుండా నేరుగా పొయ్యి కిందకే వెళ్తుంది, కాబట్టి కాళ్ళకి చలి తగల్లేదు.

ఒక్క విషయంలో మా ఇద్దరికీ పడలేదు, గొట్టంలో పొగ దారి మూయడానికి తిప్పే పలక, అదే డ్యాంపరు. రాత్రి డ్యాంపరు మూసేస్తే నిప్పులు తెల్లారేదాకా ఉంటాయని ఆయన అలవాటు. పూర్తిగా మూసే డ్యాంపరు నేను పెట్టనన్నాను. చివరికి పలకలో పావు వంతు కోసేసి పెట్టాను, ఎంత తిప్పినా ఆ మేరకి దారి తెరిచే ఉంటుంది. పడుకునే ముందు ఎక్కువ కట్టెలు కూరి గాలి బిగించెయ్యడం కన్నా ఆరిపోనిచ్చి పొద్దున్నే మళ్ళీ వెలిగించుకోవడం నయం. మామ్మగారి గదిలో మంచం ఎత్తున బ్యాటరీ సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అలారం బిగించాం, హాల్లో ఇంకోటి. మంచి అలారం 70 పీపీఎం దగ్గర గంట నుంచి నాలుగు గంటల్లోపు, 400 దగ్గర 15 నిమిషాల్లోపే మోగుతుంది. దానిమీద ఉన్న గడువు తేదీ చూసుకోవాలి, అందులో సెన్సరుకి ఆయుష్షుంది, బ్యాటరీ మార్చినంత మాత్రాన కొత్తది అయిపోదు.

టెస్టుని కిటికీలన్నీ తీసి చిన్న మంటతో మొదలెట్టాం, కొత్త పెయింటు మొదట ఘాటుగా పొగస్తుంది. మరుసటి రోజు పూర్తి మంట. ముందుగా ఒక కాగితం ముద్ద వెలిగించి గొట్టం మూతి దగ్గర పెడితే లోపలి చల్ల గాలి కదులుతుంది, ఇది చలి ఊళ్ళో రోజూ చెయ్యాలి, లేకపోతే మొదటి అయిదు నిమిషాలు పొగ గదిలోకే. అగరొత్తి వెలిగించి ప్రతి జాయింటు చుట్టూ తిప్పాం, పొగ లోపలికి పీల్చుకుంటే సరే, బయటికి ఊగితే ఆ జాయింటు మళ్ళీ చెయ్యాలి. ఐఆర్ గన్‌తో (తాకకుండా వేడి కొలిచేది) చూస్తే ఒంటి పొర పైపు 230 డిగ్రీలున్నప్పుడు రెండు పొరల పైపు బయట 60 లోపు, వాసం 40 లోపు. మొదటిసారి వేడి మీద నాలుగు గంటలు అలాగే ఉంచి మళ్ళీ వాసం చూశాను, అసలు పరీక్ష అదే, చెక్క నెమ్మదిగా వేడెక్కుతుంది. పాతప్పుడు 80 దాటిన మీటరు నిప్పుల దశలో 3 దగ్గర ఉండిపోయింది.

కట్టెల మాట. ఆయనకి కాఫీ తోట ఉంది, నీడకి వేసిన సిల్వర్ ఓక్ కొమ్మలు ఏటా కొడతారు, కొట్టిన వారానికే పొయ్యిలో పెడుతున్నారు. పచ్చి కట్టెలో సగం దాకా నీళ్ళే, మంట వేడంతా ఆ నీటిని ఆవిరి చెయ్యడానికే పోయి పొగ చల్లబడి తారు పడుతుంది. చీల్చి, నేలకి తగలకుండా, పైన రేకు వేసి పక్కలు తెరిచి కనీసం ఆరునెలలు పేర్చాలి, తేమ మీటరు సూది గుచ్చితే 20 శాతం లోపు చూపించాలి. మీటరు లేకపోతే రెండు ముక్కలు కొట్టి చూడండి, ఆరినవి కణకణమంటాయి, పచ్చివి మొద్దు చప్పుడు. ఇంకో పెద్ద గొడవ జీడిపిక్కల తొక్కలు. మా వైపు చవగ్గా దొరుకుతాయి, మంట భలే వస్తుందని బస్తాలకి బస్తాలు వేస్తారు. ఆ తొక్కలో ఉన్న నూనె చర్మాన్ని కాల్చేసే రకం, ఇంటి పొయ్యిలో దాని పొగ కళ్ళు మండిస్తుంది, గొట్టంలో జిడ్డు పడుతుంది, మంట అదుపు తప్పుతుంది. ఫ్యాక్టరీ బాయిలరుకి వేరే ఏర్పాట్లుంటాయి, ఇంటికి వద్దు. ప్లైవుడ్ ముక్కలు, రంగేసిన చెక్క, ప్లాస్టిక్ కూడా వద్దు.

మొదటి సీజన్లో నెలకోసారి గొట్టం లోపల చూసుకోమన్నాను, మసి పొర 3 మిల్లీమీటర్లు దాటితే దులపాలి. టోపీ విప్పి పైనుంచి 6 అంగుళాల వైరు బ్రష్షుని పొడవాటి వెదురుకి కట్టి దించితే మసి నేరుగా పొయ్యిలో పడుతుంది, వంపు లేకపోవడం వల్ల ఇదో లాభం. బూడిద గోనెసంచిలో ఎత్తి వరండాలో పెట్టేస్తారు, బూడిద లోపల నిప్పుకణిక రోజుల తరబడి బతికే ఉంటుంది, మూతున్న ఇనప బకెట్టులో ఇంటి బయట పెట్టాలి. ఎప్పుడైనా గొట్టంలోంచి రైలు పోతున్నట్టు హోరు వినపడితే లోపల తారు అంటుకున్నట్టే, తలుపూ గాలి రేకూ మూసెయ్యాలి, గొట్టంలో నీళ్ళు పొయ్యకూడదు, ఇంట్లో అందర్నీ బయటికి పంపి 101కి ఫోన్ చెయ్యాలి, ఆరిపోయినట్టు కనపడినా గొట్టం మొత్తం విప్పి చూడకుండా మళ్ళీ వెలిగించకూడదు.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెప్తున్నా, పొయ్యికి అయినదానికి రెండింతలకి పైనే గొట్టానికి అయింది, అందులో స్టెయిన్‌లెస్‌దే పెద్ద వాటా. తగ్గించమంటే గదిలో కనపడే నల్ల పైపుకి పెయింటు తగ్గిస్తా గానీ కప్పు దాటే ముక్కలో రూపాయి తగ్గించను.

ఆ ఇల్లు చూసి చుట్టుపక్కల హోమ్‌స్టే వాళ్ళు కూడా పిలుస్తున్నారు. సిమెంటు గోడలు, రేకు కప్పు ఉన్న భోజనాల హాలుకైతే చేస్తాను. వెదురు కాటేజీలకి, గడ్డి కప్పుకి, టెంట్లకి చెయ్యనని చెప్పేశాను, టోపీలోంచి ఒక్క నిప్పురవ్వ చాలు, పైగా కొత్తగా వచ్చిన టూరిస్టుకి గాలి రేకు ఎటు తిప్పాలో తెలీదు, తాగి పడుకుంటే అలారం మోగినా లేవడు. రాత్రి గదిలోకి బొగ్గుల కుంపటి ఇచ్చే చోట్లు కూడా ఉన్నాయి, దానికి గొట్టమే ఉండదు. గదిలో కుంపటి కనపడితే బయట పెట్టించి, ఇంకో రెండు రగ్గులు అడిగి తీసుకోండి.